రాయల్టీ ఎవరి దయా కాదు

పిఠాపురంలో, ఉప్పాడలో, గొల్లప్రోలులో, సామర్లకోటలో ఇవాళ పాటలు రాసే కుర్రాళ్లకు కొదవ లేదు. యూట్యూబు ఛానెళ్లకు ప్రేమ పాటలు రాస్తారు. శివరాత్రికి పాదగయ మీద, నవరాత్రులకు పురుహూతికా అమ్మవారి మీద భక్తిపాటల ఆల్బములకు రాస్తారు. ఎన్నికలొస్తే అభ్యర్థికి రాస్తారు. రాసినందుకు మూడు వేలో ఐదు వేలో ఫోన్‌పేలో పడతాయి, స్టాంపు కాగితం మీద సంతకం పడుతుంది, అంతటితో ఆ పాటకూ రాసినవాడికీ రుణం తీరిపోయిందని ఇద్దరూ అనుకుంటారు. తీరలేదు. చట్టం ప్రకారం తీరదు. తీరిపోయిందని నమ్మించేవాళ్ల మీదా, నమ్మి ఊరుకునేవాళ్ల మీదా నాకు కోపంగా ఉంది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

పాట మీద రెండు రకాల డబ్బు వస్తుంది. ఒకటి రాసిన రోజున చేతికిచ్చే పారితోషికం. అది అందరికీ తెలుసు. రెండోది, ఆ పాట బయటికి వెళ్లాక మోగిన ప్రతిచోటా పుట్టే డబ్బు. ఎఫ్‌ఎం రేడియోలో వచ్చినా, టీవీలో వచ్చినా, కాకినాడ హోటల్లో భోజనాల వేళ స్పీకర్లలో నడిచినా, మాల్‌లో వినిపించినా, టికెట్లు పెట్టి మ్యూజికల్ నైట్ చేసినా, ఫోన్‌లో యాప్‌లో విన్నా, ఆ పాటను వాడుకున్నవాళ్లు డబ్బు కట్టాలి. రాసినవాడు ఒక్కడే ఊరూరా తిరిగి ఒక్కో హోటలు మెట్లెక్కి వసూలు చేసుకోలేడు. అందుకని రచయితలూ, బాణీలు కట్టేవాళ్లూ కలిసి ఆ పనిని ఒక సంస్థకు అప్పగిస్తారు. మన దేశంలో ఆ సంస్థ ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, అంటే ఐపీఆర్‌ఎస్. 1969లో పుట్టింది. కేంద్ర కార్యాలయం ముంబయిలో.

ఏ సంస్థలో చేరాలి అన్న ప్రశ్న అమెరికాలో రచయితకు నిజంగా ప్రశ్నే. అక్కడ ఒకటికి నాలుగు ఉన్నాయి. ఇక్కడ అలా కాదు. ఒక రకం రచనలకు మామూలుగా ఒక్క సంఘాన్నే రిజిస్టరు చేయాలని మన కాపీరైటు చట్టం చెబుతోంది. పాట సాహిత్యానికీ, బాణీకీ ఉన్నది ఐపీఆర్‌ఎస్ ఒక్కటే. కాబట్టి పిఠాపురం రచయిత ముందున్న ఎంపిక చాలా చిన్నది: లోపల ఉంటావా, బయట ఉంటావా? మనవాళ్లలో ఎక్కువమంది ఏమీ ఎంచుకోకుండానే బయట ఉండిపోతున్నారు. అడిగితే, "పేరు వేశారు కదండీ, చాలండి" అంటారు.

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పేరు వేయడం ఎవరూ చేసే ఉపకారం కాదు, అదీ చట్టంలో ఉన్న హక్కే. అది వేసినంత మాత్రాన రెండో హక్కు ఎగరగొట్టేయవచ్చా? ఈ వినయం మనకు ఎక్కడిదో నాకు తెలుసు. మనది సంస్థానపు ఊరు. దేవులపల్లి సోదర కవులు ఈ ఆస్థానంలో కవులు. పానుగంటివారు ఇక్కడే నాటకాలు రాశారు. తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వీణ ఈ కోటలోనే మోగింది. సూర్యారాయాంధ్ర నిఘంటువు ఈ రాజావారి డబ్బుతో తయారైంది. నాకు ఆ చరిత్ర అంటే గౌరవం ఉంది. కానీ ఆస్థాన కవికి రాజు సాయం బతికినన్నాళ్లూ నడిచేది, ఇల్లు గడిచేది. రాజులు పోయారు. వంగి నిలబడే అలవాటు మాత్రం మిగిలింది. ఇప్పుడు ఐదు వేలిచ్చి పాట పట్టుకుపోయే ఛానెలు యజమాని ముందు అదే వంగుడు! రాజు కనీసం జీవితకాలం పోషించాడు. ఇతను ఒక్కసారి ఇచ్చి, మన తదనంతరం అరవై ఏళ్ల దాకా తినాలని చూస్తున్నాడు.

అరవై ఏళ్లన్న మాట నేను ఊరికే వాడలేదు. సాహిత్యానికి కాపీరైటు రచయిత జీవితకాలం, ఆపైన ఆయన పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఆ సోదర కవుల ఇంటి పిల్లవాడు దేవులపల్లి కృష్ణశాస్త్రి 1897లో మన పక్కన చంద్రంపాలెంలో పుట్టాడు. 1980లో మద్రాసులో కన్నుమూశాడు. ఆయన రాసిన గేయాలకు 2040 డిసెంబరు ఆఖరు దాకా కాపీరైటు ఉంది. పోయి నాలుగు దశాబ్దాలు దాటాక కూడా ఆ మాటలకు ప్రాణం ఉంది, మోగినచోటల్లా విలువ ఉంది. 1960లలో గొంతు జబ్బు వచ్చి ఆయన మాట పోయింది. ఆ తర్వాత కాగితం మీద రాసి మాట్లాడిన మనిషి సినిమాలకు పాటలు రాస్తూనే ఉన్నాడు. ఆ కష్టానికి ఏ రోజు కూలి ఆ రోజుతో సరి అన్న లెక్క న్యాయమని ఎవరైనా నా ముందుకొచ్చి చెప్పండి.

సినిమా పాటల విషయంలో ఆనాటి లెక్క నిజంగానే అలా ఉండేది. 1957 నాటి చట్టాన్ని అడ్డం పెట్టుకుని, డబ్బిచ్చి రాయించుకున్నాం కాబట్టి పాట మాదే అని నిర్మాతలు వాదించారు. ఐపీఆర్‌ఎస్ రచయితల తరఫున పోరాడింది. 1977 మార్చిలో సుప్రీంకోర్టు నిర్మాతల పక్షాన తీర్పు చెప్పింది. వేరే ఒప్పందం లేకపోతే, సినిమా కోసం డబ్బిచ్చి చేయించుకున్న పాటకు తొలి యజమాని నిర్మాతే అంది. ఆ తీర్పులో భాగమైన జస్టిస్ కృష్ణయ్యర్ మనసొప్పక విడిగా ఒక వ్యాఖ్య రాశారు. పాడేవాడికి మన చట్టంలో హక్కే లేకపోవడం అన్యాయమని, పార్లమెంటు దీన్ని చూడాలని ఆయన కోరారు. పార్లమెంటు తీరిగ్గా చూసింది. పాడేవాళ్లకు హక్కు 1994లో వచ్చింది. రాసేవాళ్లూ, బాణీలు కట్టేవాళ్లూ తమ రాయల్టీ ఇంకెవరూ లాక్కోలేని హక్కు కోసం 2012 దాకా ఆగారు. 1977 నుంచి 2012 అంటే ముప్పై అయిదేళ్లు. ఆత్రేయ 1989లో పోయారు. వేటూరి 2010లో పోయారు. మన తెలుగు సినిమాకు మాటలు నేర్పినవాళ్లు ఈ చట్టాన్ని కళ్లతో చూడకుండానే వెళ్లిపోయారు. వాళ్లు చూడలేనిది మన చేతిలో పెడితే, మనం దాన్ని ఐదు వేలకు తాకట్టు పెడుతున్నాం.

2012 సవరణ ఊరికే రాలేదు. జావేద్ అఖ్తర్ రాజ్యసభలో కూర్చుని దానికోసం పట్టుబట్టారు. సినిమా పరిశ్రమలో కొందరు నిర్మాతలు, మ్యూజిక్ కంపెనీలు దాన్ని ఆపాలని చూశాయి. మే నెలలో రెండు సభలూ ఆమోదించాయి, 2012 జూన్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఉన్నది ప్రతి పాటల రచయితా ఇంట్లో గోడకు రాసుకోవలసినంత గట్టి మాట. సినిమా హాల్లో సినిమాతో పాటు మోగడం తప్ప, పాట మరెక్కడ వాడుకున్నా దాని రాయల్టీలో సమాన వాటా తీసుకునే హక్కును రచయిత అమ్మలేడు, వదులుకోలేడు. వారసులకు ఇవ్వవచ్చు, వసూలు చేసి పంచడానికి కాపీరైటు సంఘానికి అప్పగించవచ్చు. ఇంకెవరికైనా రాసిచ్చినా, వదులుకున్నానని సంతకం పెట్టినా ఆ కాగితం చెల్లదు. సినిమాలో లేని ప్రైవేటు పాటలకు కూడా, రికార్డయిన పాట ఏ రూపంలో వాడినా సమాన వాటా అడిగే హక్కు ఎక్కడికీ పోదు. మన గోదావరి వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, చేను ఎవరు దున్నుకున్నా ఏటేటా కౌలు ఇవ్వాల్సిందే. కౌలు ఎగ్గొట్టడానికి రాయించుకున్న కాగితం పంచాయతీలో నిలవదు.

అయినా కాగితాలు రాయించుకుంటూనే ఉన్నారు. ఈ మధ్య ఒక కుర్రాడు తన ఒప్పందం చూపించాడు. ఏ ఛానెలో చెప్పను. ఇలాంటి కాగితాలు నేను వేరేచోట్లా చూశాను, అన్నిటిదీ ఒకే మూస. మొదటి పేరాలో "సర్వహక్కులు". రెండో పేరాలో "ప్రపంచమంతటా, శాశ్వతంగా". మూడో పేరాలో "ప్రస్తుతం ఉన్న, భవిష్యత్తులో కనిపెట్టబోయే అన్ని మాధ్యమాలలో". నాలుగో పేరాలో "రాయల్టీ నిమిత్తం ఏ సంస్థనూ ఆశ్రయించనని, ఎలాంటి క్లెయిమూ చేయనని ఇందుమూలంగా అంగీకరిస్తున్నాను". కింద సంతకం, సాక్షి, తేదీ. కుర్రాడు నాలుగో పేరా దగ్గర వేలు పెట్టి, "మాస్టారూ, ఇది రాశాను కదండీ, ఇంక అడగకూడదు కదండీ?" అన్నాడు. మూడు పేరాలూ చట్టంతో కలిపి చదివి చెప్పాను. కాలం ఎంతో రాయకపోతే అయిదేళ్లే. ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశమే. అందుకే ఆ రెండూ రెండో పేరాలో జాగ్రత్తగా రాయించుకున్నారు. రాసిన రోజుకు పుట్టని మాధ్యమానికి హక్కు రావాలంటే దాన్ని పేరుపెట్టి రాసి ఉండాలి. మూడో పేరాలోని గంపగుత్త మాట చాలదు. నాలుగో పేరా అయితే సంతకం పెట్టినా పెట్టకపోయినా ఒకటే, రాయల్టీ వాటా వదులుకునే అధికారమే చట్టం రచయితకు ఇవ్వలేదు. వాడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మొహంలో సంతోషం లేదు. కోర్టుకెళ్లి ఇదంతా గెలవాలంటే ఎంతవుతుందో వాడికీ తెలుసు. ఛానెలుకూ తెలుసు, అందుకే రాయిస్తోంది. చెల్లని కాగితమైనా చట్టం తెలియనివాణ్ణి భయంతో కట్టి ఉంచుతుంది.

ఇక్కడే నేను గొంతు చించుకుని చెప్పేది ఒక్కటి: సంతకం పెట్టేముందే చేరండి. కాపీరైటు చట్టం 19వ సెక్షన్‌లో 8వ ఉపసెక్షన్ అని ఒకటుంది. రచయిత ముందే సంఘంలో సభ్యుడై తన హక్కులు దానికి అప్పగించి ఉంటే, ఆ షరతులకు విరుద్ధంగా తర్వాత ఎవరికి రాసిచ్చినా ఆ ఒప్పందం చెల్లదు. ఇంతకంటే గట్టి రక్షణ ఒక పేద రచయితకు ఏ లాయరూ ఇవ్వలేడు. ముందు సంఘానికి ఇచ్చిన హక్కును తర్వాత ఛానెలుకు అమ్మడానికి నీ దగ్గర ఉండదు. ఛానెలు యజమాని గదమాయిస్తే, "అది నా చేతిలో లేదండీ, సొసైటీది" అని చెప్పి కూర్చోవచ్చు. మొహమాటం గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి పెద్ద జబ్బు, నాకు తెలుసు. ఆ మొహమాటాన్ని మోయడానికే ఒక సంస్థ ఉంది.

"చేరితే మాత్రం ఎంతొస్తుందండీ, వందల్లోనే కదా" అనే మాట రెండోది. కావచ్చు. మొదటి ఏడాది వందలే రావచ్చు, ఏమీ రాకపోవచ్చు. ప్రదర్శన రాయల్టీ పంపకంలో సగం పాట యజమాని అయిన కంపెనీకి, మిగతా సగంలో రాసినవాడికి పాతిక, బాణీ కట్టినవాడికి పాతిక. నీ సాహిత్యం యాజమాన్యం నీ దగ్గరే ఉంచుకుంటే ఆ సగంలో సాహిత్యపు వాటా కూడా నీదే. దేశం మొత్తం మీద ఈ సంస్థ ఏడాదికి వసూలు చేసేది ఇప్పుడు వందల కోట్లలో ఉంది. ఆ వందల కోట్లలో నీ వంద రూపాయలు ఉన్నాయా లేవా అన్నది నీ పేరు, నీ పాట పేరు వాళ్ల లెక్కల్లో ఉంటేనే తేలుతుంది. నమోదు లేని పాటకు డబ్బు వచ్చినా ఎవరికివ్వాలో తెలియదు. తెలిసినవాడు వచ్చి అడిగేదాకా అది పక్కన పడి ఉంటుంది. వంద రూపాయలు తక్కువని వదిలేసే రచయిత, ఆ పాట పదేళ్ల తర్వాత ఒక సినిమాలో పడి ఊరూవాడా మోగితే అప్పుడు ఏ కాగితం పట్టుకుని వెళతాడు? రచయిత పోయినా వారసులు సభ్యులు కావచ్చు. పిల్లలకు పొలం పాసుపుస్తకం దాచిపెట్టే తండ్రులు పాటల జాబితా ఒక నోటుపుస్తకంలోనైనా ఎందుకు రాయరు?

మూడో మాట, ఇది నేను కొట్టిపారేయను: "ఆ సంస్థ కూడా కంపెనీలదేనండీ, రచయితల డబ్బు వాళ్లే తిన్నారండీ." ఐపీఆర్‌ఎస్ గతం మంచిది కాదు. ఒక దశలో రచయితల సంఘమన్న పేరే మిగిలి, పెత్తనమంతా మ్యూజిక్ కంపెనీల చేతిలోకి వెళ్లింది. రింగ్‌టోన్ల కాలంలో రచయితల వాటా వాళ్లకు చేరలేదన్న ఫిర్యాదులు దేశమంతా వినిపించాయి. కేంద్ర ప్రభుత్వం జస్టిస్ ముకుల్ ముద్గల్ చేత విచారణ చేయించింది. కొత్త చట్టం కింద ఆ సంస్థ మళ్లీ రిజిస్టరు కావడానికి 2017 నవంబరు దాకా పట్టింది. ఇదంతా నిజం. ఇది తెలిసీ చేరమనే అంటున్నాను, ఎందుకంటే 2012 చట్టం దాని మెడలు వంచింది. పాలకమండలిలో రచయితలూ, యజమానులూ సరిసమానంగా ఉండాలి. పంపకంలో రచయితకూ యజమానికీ తేడా చూపకూడదు. రిజిస్ట్రేషన్ అయిదేళ్లకే. పనితీరు బాగుంటేనే ప్రభుత్వం పొడిగిస్తుంది. నచ్చకపోతే రచయిత తన అనుమతి వెనక్కి తీసుకోవచ్చు. ఆ పాలకమండలిలో మనవాడు కూర్చోవాలంటే మనవాళ్లు సభ్యులై ఉండాలి. బయట నిలబడి దొంగలని తిట్టేవాడి మాట లోపల ఎవరికీ వినిపించదు.

ఐపీఆర్‌ఎస్‌వాళ్లు రచయితల పక్షాన పోరాడుతున్నారా అంటే, ఒక్క ఉదాహరణ చాలు. పాట రికార్డింగుకు కంపెనీకి డబ్బు కడుతున్నాం కదా, మళ్లీ రచయితకు ఎందుకని ఎఫ్‌ఎం రేడియోలు అడ్డం తిరిగాయి. 2023 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు రేడియోల వాదన తోసిపుచ్చింది. రికార్డింగు వినిపించినా అందులోని సాహిత్యానికీ, బాణీకీ వేరుగా రాయల్టీ కట్టాల్సిందే అంది. ఆ కేసు వేసింది ఐపీఆర్‌ఎస్. నీకోసం ఎవరో ముంబయిలో ఏళ్ల తరబడి కోర్టులో నిలబడితే, నువ్వు ఒక దరఖాస్తు నింపలేవా?

అమెరికాలో మన పిల్లల గురించి కూడా చెప్పాలి. డాలస్‌లో, న్యూజెర్సీలో తెలుగు కుర్రాళ్లు ఇంగ్లీషు, తెలుగు కలిపి పాటలు రాస్తున్నారు. వాళ్ల ముందు ఆస్కాప్, బీఎంఐ అని రెండు పెద్ద తలుపులు ఉంటాయి. సెసాక్, జీఎంఆర్ పిలిస్తేనే చేర్చుకుంటాయి. రచయిత ఒక సమయంలో ఒక్కదానిలోనే ఉండాలి. ఆస్కాప్ 1914లో రచయితలూ ప్రచురణకర్తలూ పెట్టుకున్నది, ఇప్పటికీ సభ్యులదే. బీఎంఐని 1939లో పెట్టింది రేడియో స్టేషన్లు, అంటే డబ్బు కట్టాల్సినవాళ్లే! ఆస్కాప్ అడిగిన రేటు ఎక్కువని పోటీగా పెట్టుకున్నారు, 1941లో నెలల తరబడి ఆస్కాప్ పాటలు రేడియోల్లో మోగకుండా చేశారు. అయితే ఇక్కడే నేర్చుకోవలసింది ఒకటుంది. ఆస్కాప్ అప్పట్లో నల్లవాళ్ల బ్లూస్‌నూ, పల్లెల కంట్రీ పాటనూ పెద్దగా దగ్గరికి రానివ్వలేదు. ఆ గుమ్మం బయట నిలబడ్డవాళ్లను బీఎంఐ లోపలికి పిలిచింది. ఆ తర్వాత అమెరికా సంగీతమంతా వాళ్ల వెనకే నడిచింది. ఆ బీఎంఐ కూడా 2022లో లాభాల బాట పట్టి, 2024లో ఒక పెట్టుబడి సంస్థకు అమ్ముడుపోయింది. మీ పిల్లవాడు ఫోన్ చేసి ఏది మంచిదని అడిగితే, ఏది ఎక్కువ ఇస్తుందో అడగమని చెప్పకండి. పెత్తనం ఎవరిదో అడగమనండి. అక్కడున్నవాడు అక్కడే చేరాలి. ఇక్కడ మోగిన అతని పాటకు ఐపీఆర్‌ఎస్ వసూలు చేసి పరస్పర ఒప్పందాల దారిన అటు పంపుతుంది. ఇక్కడున్నవాడు డాలర్ల మోజులో అక్కడికి పరుగెత్తక్కర్లేదు, ఇక్కడ మోగినదాని లెక్క ఎలాగూ ముంబయి మీదుగానే వెళ్లాలి.

పాడేవాళ్లు నన్ను తరచుగా అడుగుతారు, మేమూ అందులోనేనా అని. కాదు. పాడేవాళ్లకు విడిగా గాయకుల సంఘం ఉంది, ఇస్రా పేరుతో 2013లో రిజిస్టరైంది. మొదటినుంచీ అందులో ఉన్న పెద్దల్లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఒకరు. రికార్డింగు హక్కులు కంపెనీలవి, వాటి సంఘాలు వేరు. మన ఊరి పేరును ఇంటిపేరులా మోసిన పిఠాపురం నాగేశ్వరరావు మాధవపెద్ది సత్యంతో కలిసి తెలుగువాళ్లను ఎంత నవ్వించాడో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ఆయన పాడిన రోజుల్లో పాడేవాడికి చట్టంలో ఏ హక్కూ లేదు.

బాలుగారి పేరు వచ్చింది కాబట్టి 2017 మార్చి సంగతి వదిలిపెట్టలేను. ఆయన అమెరికాలో కచేరీలు చేస్తుంటే ఇళయరాజా లాయరు నోటీసు పంపారు, ఆ యాత్రలో ఇక ఇళయరాజా పాటలు పాడనని బాలు ప్రకటించారు. తెలుగునాట టీ కొట్టు దగ్గరా, పత్రికల్లోనూ స్నేహం గురించీ, కృతజ్ఞత గురించీ జనం కొట్టుకున్నారు. అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు: టికెట్లు అమ్మిన నిర్వాహకుడు ఆ హాలుకు లైసెన్సు కట్టాడా? కడితే అది ఏ సంఘానికి వెళ్లింది, అక్కడి నుంచి బాణీ కట్టినవాడికీ పాట రాసినవాడికీ చేరిందా? ఇద్దరు మహానుభావుల మధ్య తగువుగా చూసి వదిలేశాం. ఆ పాటలు రాసినవాళ్ల పేరు ఆ గొడవంతటిలో ఒక్కసారైనా వినిపించిందా?

మన ఊళ్లో ఆర్కెస్ట్రావాళ్లు, రికార్డింగ్ డ్యాన్సులవాళ్లు ఇది చదివి భయపడవద్దు. పెళ్లిలో, పెళ్లి ఊరేగింపులో పాట పెడితే అది కాపీరైటు ఉల్లంఘన కాదని చట్టమే చెబుతోంది. నిజమైన మతసంబంధ కార్యక్రమానికీ, ప్రభుత్వ అధికారిక కార్యక్రమానికీ అదే మినహాయింపు. మిగతాచోట్ల లైసెన్సు తీసుకోవలసింది కార్యక్రమం పెట్టిన నిర్వాహకుడు, తెల్లవార్లూ స్టేజీ మీద గొంతు పోగొట్టుకునేవాడు కాదు. మీ నుంచి నాకు కావలసింది ఒక్కటే. ఆ రాత్రి ఏయే పాటలు పాడారో ఒక కాగితం మీద రాసి నిర్వాహకుడికి ఇవ్వండి. పాటల జాబితా రాని కచేరీ డబ్బును సంఘాలు మామూలుగా వేరే లెక్కలు చూసి పంచుతాయి. అప్పుడు పిఠాపురం స్టేజీ మీద మోగిన పాత ఆరుద్ర పాట డబ్బు ఏ కొత్త హిట్టు పాటవాడికో పోతుంది.

ఇంకో పక్క కూడా నా కోపం ఉంది, దాన్ని దాచుకోను. అమ్మమ్మలు నాట్లేసేటప్పుడు పాడిన పాటకు పల్లవి కాస్త తిప్పి, కింద "రచన" అని తన పేరు వేసుకునేవాళ్లు ఎక్కువయ్యారు. పలాస వైపు జానపదం నుంచి సినిమాలోకెక్కిన పాటల మీదా, 2021లో సారంగదరియా మీదా ఎంత రభస జరిగిందో చూశాం. తరతరాల జానపదానికి కాపీరైటు లేదు. నువ్వు కొత్తగా రాసిన చరణాలకే నీ హక్కు. సంఘంలో నమోదు చేసేటప్పుడు ఆ నిజం అలాగే రాయి. ఊరందరి పాటను ఒంటి పేరు మీద రాయించుకున్నవాడికీ, నాలుగో పేరా రాయించుకున్న ఛానెలుకూ నా దృష్టిలో తేడా లేదు.

ఇక ఐపీఆర్‌ఎస్‌కు నేరుగా చెబుతున్నాను. తెలుగు పాట మీద మీరు వసూలు చేసే డబ్బు చిన్నది కాదు. రేడియో తిప్పినా, యాప్ తెరిచినా మా భాషే మోగుతోంది. మరి ఆ భాషలో పాటలు రాసేవాడు మిమ్మల్ని చేరుకోవడానికి ముంబయి వైపే ఎందుకు చూడాలి? చేరే దరఖాస్తు, అప్పగింత పత్రం, పంపకం నియమాలు, ఏటా పంపే లెక్క, అన్నీ చక్కని తెలుగులో కావాలి. ఇంగ్లీషు అప్పగింత పత్రం మీద అర్థంకాకుండా సంతకం పెట్టించుకుంటే మీకూ ఛానెలుకూ తేడా ఏముంది? కాకినాడలోనో రాజమండ్రిలోనో ఏడాదికి ఒకసారైనా బల్ల వేసుకుని కూర్చోండి. పాన్, ఆధార్, బ్యాంకు పుస్తకం, విడుదలైన పాట రుజువు పట్టుకుని మావాళ్లు వరుసకడతారు. ఎవరిదో తెలియక మీ దగ్గర ఆగిపోయిన తెలుగు పాటల జాబితాను తెలుగు లిపిలో బయటపెట్టండి. రోమన్ అక్షరాల్లో పది రకాలుగా రాసిన పేర్లలో మావాడు తన పాటను ఎలా గుర్తుపట్టగలడు?

ఈ నియోజకవర్గం 2024లో ఒక సినిమా కథానాయకుణ్ణి శాసనసభకు పంపింది, ఆయన ఉపముఖ్యమంత్రి అయ్యారు. పవన్ కల్యాణ్ గారికి పాట బలం ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఆయన ప్రతి సినిమా పాటతోనే జనంలోకి వచ్చింది, ఆయన ప్రతి ఎన్నికా పాటతోనే నడిచింది. కల్యాణ్ గారూ, పిఠాపురం గ్రంథాలయంలో ఒక గది ఇప్పించండి. అందులో ఒక కంప్యూటరు, కాపీరైటు చట్టం తెలిసిన ఒక మనిషి వారానికి ఒక పూట. పాట రాసే పిల్లవాడు సంతకం పెట్టేముందు ఆ కాగితాన్ని అక్కడ చదివించుకుని, అక్కడే సంఘానికి దరఖాస్తు పంపి, ఆ తర్వాతే ఛానెలు ఆఫీసు మెట్లెక్కాలి. మీ పార్టీకి పాటలు రాసిన పిల్లల్ని ముందు పంపండి.